డిస్నీ క్యూ లైన్ కథ: 70 ఏళ్లలో లైన్ పోలేదు, చోటు మారిందంతే

ఈ రోజు ఎపిసోడ్ ఒక సింపుల్ ప్రశ్నతో మొదలుపెడదాం. సరదాగా ఆడుకోవడానికి వెళ్లే చోటుకి ఎవరైనా ఎగ్జామ్‌కి ప్రిపేర్ అయినట్టు ప్రిపేర్ అవుతారా?

అవుతారు. నమ్మకం లేకపోతే అమెరికాలో ఉన్న మీ అన్నయ్యనో, కజిన్‌నో అడగండి. డిసెంబర్ చివరి వారంలో ఓర్లాండో వెళ్లి డిస్నీ వరల్డ్ చూడాలంటే ఎక్సెల్ షీట్ ఉంటుంది. ఏ రోజు ఏ పార్క్, ఏ రైడ్ తర్వాత ఏ రైడ్ అని రాసుకుంటారు. ఫలానా రోజు పొద్దున సరిగ్గా 7 గంటలకి ఫోన్ పట్టుకుని స్లాట్ బుక్ చేస్తారు. మన దగ్గర తత్కాల్ టికెట్ కోసం 10 అవ్వగానే బటన్ నొక్కుతాం చూడండి, అచ్చం అదే టెన్షన్.

ఇదంతా ఎందుకు? క్యూ తప్పించుకోవడానికి. అసలు ఈ క్యూని తీసేయాలని డిస్నీ కంపెనీ 70 ఏళ్లుగా ప్రయత్నిస్తూనే ఉంది. కూపన్లు పెట్టింది, ఆగకుండా తిరిగే బండ్లు కనిపెట్టింది, టైమ్ స్లిప్పులు ఇచ్చింది, చేతికి బ్యాండ్ కట్టింది, చివరికి యాప్‌లో డబ్బులు తీసుకోవడం మొదలుపెట్టింది. మరి లైన్ పోయిందా? లేదు. ప్రతిసారీ చోటు మారింది. ఎక్కడికి మారిందో తెలిసినవాడు త్వరగా రైడ్ ఎక్కాడు, తెలియనివాడు ఎండలో నిలబడ్డాడు. ఈ రోజు ఆ కథ చెప్పుకుందాం. చివర్లో, మీరు పండగ సెలవుల్లో ఏ పార్క్‌కి వెళ్లినా పనికొచ్చే విషయాలు కూడా చూద్దాం.

మొదటి రోజే రసాభాస

1955 జులై 17, ఆదివారం. కాలిఫోర్నియాలోని అనాహైమ్ అనే ఊళ్లో డిస్నీల్యాండ్ మొదలైంది. ఆ రోజు సామాన్య జనానికి ఎంట్రీ లేదు. పిలిచిన అతిథులకి, ప్రెస్‌కి మాత్రమే. టీవీలో లైవ్ కూడా నడుస్తోంది. ఆ లైవ్ యాంకర్లలో ఒకాయన రొనాల్డ్ రీగన్. అవును, తర్వాత అమెరికా ప్రెసిడెంట్ అయిన ఆ రీగనే. అప్పటికి ఆయన సినిమా నటుడు.

పార్క్‌లోకి వచ్చిన జనం దాదాపు 28 వేల మంది. వాళ్లలో చాలామంది చేతిలో ఉన్నవి దొంగ పాస్‌లు! ఎండేమో 38 డిగ్రీల దాకా ఉంది. ప్లంబర్ల సమ్మె వల్ల మంచినీళ్ల కుళాయిలు చాలాచోట్ల పని చేయలేదు. కొత్తగా వేసిన తారు ఇంకా ఆరలేదు, ఆడవాళ్ల హై హీల్స్ అందులో దిగబడిపోయాయి. ఆ రోజుని డిస్నీ ఉద్యోగులు చాలా ఏళ్లు 'బ్లాక్ సండే' అనుకున్నారు.

కానీ జనం ఆగారా? రెండు నెలలు తిరగకుండానే 10 లక్షల మంది వచ్చేశారు. అంటే జనాన్ని రప్పించడం అనే సమస్య తీరిపోయింది. వచ్చిన జనాన్ని ఏం చేయాలి అనే సమస్య మొదలైంది. మిగతా కథంతా దాని గురించే.

కూపన్ల కాలం

మొదట్లో గేట్ దగ్గర పెద్దవాళ్లకి 1 డాలర్. లోపల ప్రతి రైడ్‌కీ మళ్లీ విడిగా చిల్లర తీసి టికెట్ కొనుక్కోవాలి. మన ఊరి తిరనాళ్లలో జెయింట్ వీల్ ఎక్కినట్టే. దీనివల్ల రైడ్ దగ్గర ఒక లైన్, టికెట్ బూత్ దగ్గర ఇంకో లైన్.

అదే ఏడాది అక్టోబర్‌లో కూపన్ పుస్తకం తెచ్చారు. ఏ, బి, సి అని మూడు రకాల కూపన్లు. 1956లో డి, 1959లో ఇ కలిశాయి. ఏ కూపన్ అంటే చిన్న చిన్న వాటికి, వీధిలో తిరిగే గుర్రపు బండి లాంటివి. ఇ కూపన్ అంటే పెద్ద రైడ్‌లకి, మ్యాటర్‌హార్న్ అనే మంచుకొండ కోస్టర్ లాంటివి. ఒక పుస్తకంలో ఇ కూపన్లు కొన్నే ఉంటాయి. అవి అయిపోతే మళ్లీ కొనాలి, లేదంటే మిగిలిన ఏ, బి కూపన్లతో చిన్న రైడ్‌లు ఎక్కాలి.

ఇక్కడే అసలు తెలివి ఉంది. పైకి ఇది టికెట్ పుస్తకం. లోపల ఇది లోడ్ బ్యాలెన్సర్. సాఫ్ట్‌వేర్ వాళ్లకి ఈ మాట తెలుసు. ట్రాఫిక్ అంతా ఒకే సర్వర్ మీద పడకుండా నాలుగు సర్వర్లకి పంచుతాం కదా, ఈ కూపన్లు జనాన్ని అలా పంచాయి. అందరూ పొద్దున్నే వెళ్లి పెద్ద రైడ్ మీద పడకుండా, చేతిలో ఉన్న కాగితమే వాళ్లని పార్క్ అంతా తిప్పింది.

ఈ ఇ టికెట్ ఎంత ఫేమస్ అయిందంటే, అమెరికన్ ఇంగ్లిష్‌లో అది ఒక నానుడి అయిపోయింది. బాగా థ్రిల్ ఇచ్చేదేదైనా 'ఇ టికెట్' అంటారు. 1983లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి అమెరికన్ మహిళ శాలీ రైడ్ కూడా తన షటిల్ ప్రయాణాన్ని ఆ మాటతోనే వర్ణించింది.

ఇంజనీర్లు రంగంలోకి దిగారు

1960ల్లో డిస్నీ వాళ్లు సమస్యని ఇంకో వైపు నుంచి పట్టుకున్నారు. జనాన్ని పంచడం సరే, అసలు గంటకి ఎక్కువమందిని ఎక్కించలేమా?

మామూలు రైడ్ ఎలా పనిచేస్తుంది? బండి వస్తుంది, ఆగుతుంది, జనం దిగుతారు, కొత్తవాళ్లు ఎక్కుతారు, బెల్ట్ చెక్ చేస్తారు, కదులుతుంది. ఆగిన ప్రతి క్షణం వేస్టే. 1967లో 'ఆమ్నిమూవర్' అనే పద్ధతి తెచ్చారు. గొలుసుకి కట్టినట్టు బండ్లన్నీ వరుసగా, అసలు ఆగకుండా మెల్లగా కదులుతూనే ఉంటాయి. కదిలే బెల్ట్ మీద నడుస్తూ జనమే ఎక్కేస్తారు. 1969లో మొదలైన హాంటెడ్ మ్యాన్షన్ అనే దయ్యాల కొంప రైడ్ దీని మీదే నడుస్తుంది, ఇవాళ్టికీ.

ఇది ఎందుకు ముఖ్యమో చిన్న లెక్కతో చెప్తాను. బీటెక్‌లో ఆపరేషన్స్ రీసెర్చ్ చదివినవాళ్లకి గుర్తుండే ఉంటుంది, లిటిల్స్ లా. జాన్ లిటిల్ అనే ప్రొఫెసర్ 1961లో దీనికి ప్రూఫ్ ఇచ్చాడు. సింపుల్‌గా చెప్పాలంటే, మీ ముందున్న జనాన్ని ఆ రైడ్ గంటకి ఎక్కించుకునే సంఖ్యతో భాగిస్తే మీ వెయిటింగ్ టైమ్ వస్తుంది. ముందు 3,000 మంది ఉన్నారు, రైడ్ గంటకి 2,000 మందిని ఎక్కించుకుంటుంది అనుకుందాం. మీ వెయిటింగ్ గంటన్నర. అదే రైడ్ గంటకి 1,000 మందినే ఎక్కించుకుంటే 3 గంటలు. కాబట్టి లైన్ పొడవు చూసి భయపడకూడదు, లైన్ ఎంత స్పీడ్‌గా కదులుతోందో చూడాలి. పొడవైన లైన్ కొన్నిసార్లు పొట్టి లైన్ కంటే ముందే అయిపోతుంది.

పండగ రోజు ఎందుకు అంత ఘోరం?

1971 అక్టోబర్ 1న ఫ్లోరిడాలో వాల్ట్ డిస్నీ వరల్డ్ మొదలైంది. అప్పటికి వాల్ట్ డిస్నీ చనిపోయి దాదాపు ఐదేళ్లు. 1955 నాటి గుణపాఠం కంపెనీకి బాగా గుర్తుంది. అందుకే జనం తక్కువగా ఉండే అక్టోబర్‌ని కావాలనే ఎంచుకున్నారు. ప్లాన్ ఫలించింది. మొదటి రోజు సుమారు 10 వేల మందే వచ్చారు. కొన్ని పేపర్లు పెదవి కూడా విరిచాయి.

రెండు నెలలు గడవలేదు. థ్యాంక్స్‌గివింగ్ పండగ మర్నాడు, నవంబర్ 26న, కార్లు హైవే మీద మైళ్ల కొద్దీ ఆగిపోయాయి. పార్క్ నిండిపోయి గేట్లు మూసేయాల్సి వచ్చింది. అదే పార్క్, అవే రైడ్‌లు, అదే స్టాఫ్. మారింది క్యాలెండర్ ఒక్కటే.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోవాలి. జనం రెట్టింపు అయితే వెయిటింగ్ రెట్టింపు అవుతుంది అనుకుంటాం. అలా అవ్వదు. 1909లో ఎర్లాంగ్ అనే డెన్మార్క్ ఇంజనీర్ టెలిఫోన్ ఎక్స్చేంజ్ కోసం ఈ లెక్కలు మొదలుపెట్టాడు. ఆ దారిలో వచ్చిన అతి సింపుల్ మోడల్ తీసుకుందాం. ఒక కౌంటర్ తన కెపాసిటీలో 50 శాతం బిజీగా ఉన్నప్పుడు సగటు వెయిటింగ్ 1 నిమిషం అనుకోండి. 80 శాతం బిజీ అయితే 4 నిమిషాలు. 90 శాతానికి 9. 95 శాతానికి 19. చూశారా, చివరి ఐదు శాతమే వెయిటింగ్‌ని రెట్టింపు చేసేసింది. 100 దాటితే ఇక లెక్కే లేదు, లైన్ పెరుగుతూనే ఉంటుంది, జనం విసిగిపోయి వెళ్లిపోయేదాకా. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు సర్వర్ గ్రాఫ్‌లలో రోజూ చూసిన బొమ్మే ఇది. 70 శాతం దగ్గర అంతా ప్రశాంతం, 95 దాటగానే అర్ధరాత్రి ఫోన్ మోగుతుంది.

డిసెంబర్ 26 నుంచి 31 వరకు థీమ్ పార్క్ అంటే ఆ 95 దాటిన సర్వర్. పిల్లలకి స్కూల్ సెలవులు, ఆఫీసులకి సెలవులు, అందరికీ ఒకే వారం. మన తెలుగు వాళ్లు కూడా అదే వారంలో ఎందుకు వెళ్తారు? చాలా కంపెనీల్లో ఏడాది చివర పని నెమ్మదిస్తుంది, మిగిలిన లీవులు వాడేసుకోవాలి, పిల్లలకి సెలవులు, ఇండియా నుంచి అమ్మానాన్న వచ్చి ఉంటారు. వాళ్లు ఇంత దూరం మళ్లీ ఎప్పుడు వస్తారో తెలియదు. ఆ ఒక్క ట్రిప్పే వాళ్లకి దక్కేది. అందుకే దీన్ని కేవలం సరదా విషయం అని తీసిపారేయలేం. ఆ రోజుల్లో రెండు గంటల లైన్ అంటే 65 ఏళ్ల నాన్న మోకాళ్ల మీద రెండు గంటలు.

కూపన్ పోయింది, లైన్ మళ్లీ వచ్చింది

1982లో డిస్నీ కూపన్లు ఆపేసింది. గేట్ దగ్గర ఒకసారి డబ్బు కట్టు, లోపల ఎన్నిసార్లైనా ఎక్కు. జనానికి ఆనందమే. కానీ లోడ్ బ్యాలెన్సర్ పోయింది కదా! గుర్రపు బండికీ, పెద్ద కోస్టర్‌కీ ఇప్పుడు ధర ఒకటే, అంటే సున్నా. సున్నా ధరకి ఎవరైనా ఏం ఎక్కుతారు? పెద్దదే. డబ్బుతో కట్టే ధర పోయి, టైమ్‌తో కట్టే ధర వచ్చింది.

అందుకే ఆ తర్వాత కొత్త రకం పుస్తకాలు పుట్టాయి. 1985లో బాబ్ సెలింజర్ అనే రచయిత డిస్నీ వరల్డ్ మీద ఒక 'అన్ అఫీషియల్' గైడ్ రాశాడు. ఏ రైడ్ ముందు, ఏది తర్వాత అని ప్లాన్లు ఇచ్చాడు. తర్వాత లెన్ టెస్టా అనే కంప్యూటర్ సైన్స్ ఆయన దీన్ని ఆల్గారిథమ్‌గా మార్చాడు. మనం డీఏఏ సబ్జెక్ట్‌లో చదివిన ట్రావెలింగ్ సేల్స్‌మ్యాన్ ప్రాబ్లమ్ ఉంది కదా, అదే. 10 రైడ్‌లు ఉంటే వాటిని 36,28,800 రకాల వరుసల్లో ఎక్కొచ్చు. పైగా ప్రతి గంటకీ వెయిటింగ్ మారిపోతుంది. చేత్తో లెక్కేయలేం. బ్యాక్‌లాగ్ పెట్టించిన ఆ సబ్జెక్ట్‌తో ఒక మనిషి కెరీర్ కట్టుకున్నాడు చూడండి!

ఫాస్ట్‌పాస్: నిలబడకుండా నిలబడటం

1999లో డిస్నీ వరల్డ్‌లో ఫాస్ట్‌పాస్ వచ్చింది. ఐడియా చాలా అందంగా ఉంటుంది. రైడ్ దగ్గర మెషిన్‌లో టికెట్ పెడితే ఒక స్లిప్ వస్తుంది. 'మధ్యాహ్నం 2:10 నుంచి 3:10 మధ్యలో రండి' అని. అప్పటిదాకా మీరు వేరే రైడ్ ఎక్కొచ్చు, తినొచ్చు. టైమ్‌కి వస్తే చిన్న లైన్‌లో నేరుగా లోపలికి. పైసా అదనంగా కట్టక్కర్లేదు.

మరి అందరూ ఫ్రీగా లాభపడ్డారా? రైడ్ కెపాసిటీ పెరగలేదు కదా. ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. రైడ్ గంటకి 1,800 మందిని ఎక్కించుకుంటుంది. అందులో 1,400 సీట్లు ఫాస్ట్‌పాస్ వాళ్లకి ఇచ్చేశారు. మామూలు లైన్‌కి మిగిలింది గంటకి 400. ఇప్పుడు ఆ లైన్‌లో మీ ముందు 400 మందే కనబడతారు. చిన్న లైనే అనుకుంటారు. కానీ మీకు గంట పడుతుంది. ఎందుకంటే కనబడని 1,400 మంది మీ ముందు నిలబడి ఉన్నారు, పార్క్‌లో ఎక్కడో ఐస్‌క్రీమ్ తింటూ.

అంటే లైన్ కంటికి కనబడకుండా పోయింది. ఉండటం మాత్రం అక్కడే ఉంది. స్లిప్ మెషిన్ గురించి తెలిసిన కుటుంబం రోజుకి నాలుగైదు స్లిప్‌లు తీసుకునేది. మొదటిసారి వచ్చినవాళ్లు, భాష సరిగా రానివాళ్లు మామూలు లైన్‌లో నిలబడి, పక్క దారిలో జనం సర్రున వెళ్లిపోతుంటే చూసేవాళ్లు.

హాంకాంగ్: ఒక క్యాలెండర్ బగ్

పండగ సీజన్‌ని సరిగ్గా అంచనా వేయకపోతే ఏమవుతుందో చూడాలంటే 2006లో హాంకాంగ్ చూడాలి. హాంకాంగ్ డిస్నీల్యాండ్ 2005 సెప్టెంబర్‌లో మొదలైంది. అక్కడ అమ్మిన టికెట్లలో తేదీ లేనివి ఉండేవి, ఆరు నెలల్లో ఏ రోజైనా వాడుకోవచ్చు. రద్దీ రోజులకి మాత్రం తేదీతో ఉన్న ప్రత్యేక టికెట్ కావాలి.

చైనా కొత్త సంవత్సరం వచ్చింది. హాంకాంగ్ సెలవులని కంపెనీ రద్దీ రోజులుగా గుర్తు పెట్టుకుంది. కానీ పక్కనే చైనా మెయిన్‌ల్యాండ్‌లో సెలవులు వారమంతా ఉంటాయి! హాంకాంగ్ సెలవులు అయిపోయిన తర్వాతి రోజుల్లో, తేదీ లేని టికెట్లు పట్టుకుని మెయిన్‌ల్యాండ్ కుటుంబాలు వేలాదిగా వచ్చేశాయి. పార్క్ నిండిపోయింది, గేట్లు మూసేశారు. చేతిలో చెల్లే టికెట్ ఉంది, లోపలికి పోనివ్వరు. జనం గేట్ల మీద ఎగబడ్డారు, కంచె ఎక్కారు, పిల్లల్ని కంచె పైనుంచి అవతలికి అందించారు. ఆ ఫొటోలు ప్రపంచమంతా తిరిగాయి. కంపెనీ క్షమాపణ చెప్పుకుంది.

ఒక్క క్యాలెండర్‌లో పొరపాటు. టెస్ట్ కేసుల్లో పక్క దేశం సెలవుల్ని చేర్చలేదు. దాని ఖరీదు కట్టింది ఎవరు? రైలెక్కి పిల్లల్ని తీసుకొచ్చిన మామూలు కుటుంబాలు.

లైన్ ఫోన్‌లోకి వచ్చింది

2013, 14 ప్రాంతంలో డిస్నీ వరల్డ్ చేతికి కట్టుకునే మ్యాజిక్‌బ్యాండ్ తెచ్చింది. ఈ సిస్టమ్ మొత్తానికి సుమారు 100 కోట్ల డాలర్లు ఖర్చయిందని అప్పట్లో వార్తలు వచ్చాయి. ఫాస్ట్‌పాస్ ఇప్పుడు ఇంటి నుంచే బుక్ చేసుకోవచ్చు. డిస్నీ హోటల్లో దిగేవాళ్లకి 60 రోజుల ముందు, మిగతావాళ్లకి 30 రోజుల ముందు. ఇది ఇంకా ఫ్రీయే. కానీ లైన్ ఎక్కడికి వచ్చిందో చూడండి. ఫ్లోరిడా ఎండలోంచి మీ బెడ్‌రూమ్‌లోకి. రెండు నెలల ముందే లైన్‌లో నిలబడాలి. ఖరీదైన హోటల్ తీసుకున్నవాడు నెల రోజులు ముందు నిలబడతాడు.

2020 మార్చిలో కోవిడ్ వల్ల పార్కులు మూతపడ్డాయి, ఫాస్ట్‌పాస్ కూడా ఆగింది. మళ్లీ 2021 అక్టోబర్‌లో తిరిగొచ్చినప్పుడు పేరు జీనీ ప్లస్, ధర మనిషికి రోజుకి 15 డాలర్లు. 22 ఏళ్లు ఫ్రీగా ఉన్నదానికి రేటు పడింది. 2024లో పేరు మళ్లీ మారి లైట్నింగ్ లేన్ మల్టీ పాస్ అయింది. హోటల్ వాళ్లకి 7 రోజుల ముందు, మిగతావాళ్లకి 3 రోజుల ముందు బుకింగ్. అదే ఏడాది చివర్లో ప్రీమియర్ పాస్ వచ్చింది. స్లాట్ గోల లేదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు వెళ్లొచ్చు. మొదలైనప్పుడు ధర రోజునీ పార్కునీ బట్టి 129 నుంచి 449 డాలర్ల వరకు ఉండేది. టికెట్ కాక! నలుగురున్న కుటుంబం అప్పుడు పీక్ రోజున కొనాలంటే 1,796 డాలర్లు అయ్యేవి, ఒక్క రోజుకి.

ఎంట్రీ టికెట్ కూడా ఇదే దారి పట్టింది. 2016లో తేదీని బట్టి రేటు మొదలైంది. 2022 డిసెంబర్‌కి మ్యాజిక్ కింగ్‌డమ్‌లో పీక్ రోజు టికెట్ 189 డాలర్లకి చేరింది. 1971లో పెద్దవాళ్లకి ఎంట్రీ 3.50 డాలర్లు. అప్పటి మూడున్నర అంటే ఇప్పటి లెక్కలో సుమారు 27 డాలర్లు అనుకోండి, రైడ్ కూపన్లు అదనం. అయినా తేడా మీకే కనిపిస్తోంది.

ఇప్పుడు వెనక్కి తిరిగి చూడండి. 1955లో కూపన్, అంటే డబ్బు. 1982 తర్వాత టైమ్. 1999 తర్వాత తెలివి. 2013 తర్వాత ముందుచూపు. 2021 తర్వాత మళ్లీ డబ్బు. చక్రం ఒక చుట్టు తిరిగి మొదటికే వచ్చింది. ఒక్క తేడా ఉంది. కూపన్ల కాలంలో డబ్బున్నవాడు ఎక్కువ రైడ్‌లు ఎక్కేవాడు, అంతే. వాడి వల్ల మీ బండి ఆగేది కాదు. ఇప్పుడు డబ్బు కట్టినవాడు మీ ముందుకొచ్చి నిలబడతాడు. వాడికి మిగిలిన టైమ్ మీ జేబులోంచి వెళ్లిందే.

మన దగ్గర లేదా?

మీరు కామెంట్ పెట్టేలోపే చెప్పేస్తాను. మనకి క్యూ అంటే మొదట గుర్తొచ్చేది తిరుమల. థీమ్ పార్క్‌నీ కొండనీ ఒకటి చేయట్లేదు, భక్తి వేరు. కానీ ఏర్పాట్లు చూస్తే లాజిక్ దగ్గరగానే ఉంటుంది. ఉచిత సర్వదర్శనం ఉంది, కంపార్ట్‌మెంట్లలో కూర్చుని వెయిట్ చేస్తాం. ముందే ఆన్‌లైన్‌లో తీసుకునే 300 రూపాయల ప్రత్యేక దర్శనం ఉంది. నెలల ముందు టికెట్లు వదిలిన రోజు ఫోన్లు పట్టుకుని కూర్చుంటాం, అప్పుడు లైన్ మన ఫోన్‌లో ఉన్నట్టే. హైదరాబాద్‌లో 2016లో వచ్చిన వండర్‌లా‌లో కూడా ఫాస్ట్‌ట్రాక్ టికెట్ విడిగా అమ్ముతారు. దసరా సెలవుల్లో వెళ్లినవాళ్లకి ఆ రెండు లైన్ల తేడా బాగా తెలుసు.

మరి ప్లాన్ ఎలా?

ఈ చరిత్రంతా తెలిసిన తర్వాత పండగ ట్రిప్ ప్లానింగ్ అంటే ఒకటే ప్రశ్న: ఈసారి లైన్ ఎక్కడుంది? నాలుగు చోట్ల వెతకండి.

మొదటిది, తేదీ. అన్నిటికంటే బలమైన ఆయుధం ఇదే, పైగా డబ్బు మిగులుతుంది. థ్యాంక్స్‌గివింగ్ వారం అయిపోయాక డిసెంబర్ మొదటి రెండు వారాలు క్రిస్మస్ అలంకరణ అంతా ఉంటుంది, జనం చివరి వారం కంటే తక్కువ. పిల్లలు ఇంకా స్కూల్‌కి వెళ్లని వయసైతే, ఆఫీసులో లీవు దొరికితే, అప్పుడే వెళ్లండి. జనవరి అనుకుంటే డిస్నీ వరల్డ్ మారథాన్ రోజులు, ఆ నెల మూడో సోమవారం సెలవు చూసుకోండి. హాంకాంగ్ కథ గుర్తుపెట్టుకుని, మీ క్యాలెండర్‌తో పాటు అక్కడికొచ్చే మిగతావాళ్ల క్యాలెండర్ కూడా చూడండి.

రెండోది, గంట. చివరి వారమే తప్పదంటే, గేట్లు తీయకముందే అక్కడ ఉండండి. డిస్నీ హోటళ్లలో దిగినవాళ్లకి అరగంట ముందు ఎంట్రీ ఉంటుంది. మొదటి గంట, రాత్రి చివరి గంట మంచివి. మధ్యాహ్నం 12 నుంచి 4 మధ్య సర్వర్ 95 దాటుతుంది, అప్పుడు షోలు చూడండి, లేదా హోటల్‌కి వెళ్లి పడుకోండి. పార్క్ పూర్తిగా నిండిన రోజున బయటికి వెళ్లి మళ్లీ రావడానికి రూల్స్ ఏంటో ఆ రోజు యాప్‌లో ముందే చూసుకోండి.

మూడోది, డబ్బు. లైన్ తప్పించే పాస్ అందరికీ, అన్ని రోజులూ అక్కర్లేదు. అన్నిటికంటే రద్దీ ఉన్న ఒక్క పార్క్‌కి, ఒక్క రోజుకి తీసుకోవడం గురించి ఆలోచించండి. ఫ్రీగా ఉన్నవి మాత్రం వదలొద్దు. చిన్న పిల్లలుంటే రైడర్ స్విచ్ అడగండి. ఒకరు రైడ్ ఎక్కుతారు, ఇంకొకరు పాపని చూసుకుంటారు, తర్వాత రెండోవాళ్లు మళ్లీ మొత్తం లైన్ నిలబడకుండా ఎక్కొచ్చు. ఒంటరిగా కూర్చోవడానికి అభ్యంతరం లేకపోతే కొన్ని రైడ్‌లకి సింగిల్ రైడర్ లైన్ ఉంటుంది.

నాలుగోది, కడుపు. నవ్వకండి, తిండి దగ్గర కూడా లైనే. డిస్నీ వరల్డ్‌లోకి బయటి తిండి తీసుకెళ్లనిస్తారు. కాబట్టి అమ్మ చేసిన పులిహోర డబ్బా హాయిగా బ్యాగ్‌లో పెట్టుకోండి. గాజు సీసాలు మాత్రం పోనివ్వరు, ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకోవాల్సిందే.

అమ్మానాన్నలు ఉంటే 10 రైడ్‌ల లిస్ట్ పెట్టుకోవద్దు. నాలుగైదు చాలు. ఆగకుండా తిరిగే బండ్లున్నవి, కూర్చుని చూసేవి, పరేడ్, రాత్రి బాణసంచా. పెద్ద వీల్ చెయిర్ అద్దెకి తీసుకోవడానికి మొహమాటపడొద్దు, వాళ్లు వద్దన్నా సరే తీసుకోండి.

చివరి మాట. క్యూ అనేది పైకి చూస్తే జనం వరుస. లోపల అది ఒక రూలు: ఎవరు ముందు, ఎవరు తర్వాత అని. ముందొచ్చినవాడు ముందు అనే రూలు ఉన్నంతకాలం లైన్‌లో కోటీశ్వరుడూ కూలీ పక్కపక్కనే నిలబడ్డారు. రూలు మారిన ప్రతిసారీ ఆ ఇద్దరి మధ్య దూరం కొంచెం పెరిగింది. అది న్యాయమా కాదా అనేది మీరే ఆలోచించండి. పార్క్ నడిపేవాళ్లకి ఖర్చులుంటాయి, అదీ నిజమే. కానీ వచ్చే పండక్కి ఎక్కడైనా మీరు పక్క లైన్‌లో సర్రున వెళ్లిపోతున్నప్పుడు, ఇటు వైపు లైన్‌లో ఉన్న ముసలాయన ఎంతసేపటి నుంచి నిలబడ్డాడో ఒక్కసారి చూడండి.

మీ దృష్టిలో అన్నిటికంటే న్యాయమైన పద్ధతి ఏది? కూపనా, ఫ్రీ స్లిప్పా, డబ్బులా, లేక అందరికీ ఒకే లైనా? కామెంట్స్‌లో రాయండి, ప్రతి కామెంట్ చదువుతాను. ఇంకో కథతో మళ్లీ కలుద్దాం. అప్పటిదాకా సెలవు.